పంజాగుట్ట పటంలో మా ఆకుపచ్చ మండలం

మా మండలం పేరు రాయను. నల్గొండ వైపు అని మాత్రం చెప్తాను. అక్కడ పదకొండేళ్లుగా పశువుల డాక్టర్ని. ఈ అక్టోబరు చివర్లో రెండు రోజులు హైదరాబాదు వెళ్లొచ్చాను. సభ పంజాగుట్టలో, బస అమీర్‌పేటలో. నా ఉద్యోగంలో ఉన్నవాళ్లు రేపు ఇలాంటి సభకే వెళ్లాల్సి రావచ్చు, అందుకే బస్సు ఎక్కడ ఎక్కాలో, మెట్రో ఎక్కడ దిగాలో, తిండి ఎక్కడ దొరుకుతుందో రాస్తున్నాను. నాకు ఎక్కడెక్కడ తల కొట్టేసినట్టయిందో అది కూడా రాస్తాను. ఆ ముక్క వదిలేస్తే మిగిలేది టైంటేబులే.

ముందు సభ సంగతి. గొర్రెలకు, మేకలకు పారుడు రోగం అని ఒకటి వస్తుంది. ముక్కు కారుతుంది, నోరు పుండవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, చూస్తుండగానే మంద సగమైపోతుంది. దానికి దేశాల సరిహద్దులు తెలియవు. ఈ దేశం సంతలో అమ్మిన మేక వారం తిరక్కుండా పక్క దేశంలో దగ్గుతుంది. అందుకని ఇరుగుపొరుగు దేశాల పశువైద్యులు ఎక్కడ రోగం కనిపించినా ఒకరికొకరు చెప్పుకోవాలని, అన్నీ కలిపి ఒకే పటం మీద గుర్తు పెట్టాలని, ఆ పటాన్నిబట్టే టీకాలు ముందు ఎక్కడ వేయాలో తేల్చుకోవాలని ఏర్పాటు. ఆ పటం సరిచూసుకోవడానికే పంజాగుట్ట సభ. నివేదిక ఒక్క నెల కూడా ఆలస్యం కాని మండలాలు మూడింటిని మన దగ్గర్నుంచి పిలిచారు. అందులో మాది ఒకటి. మా పద్ధతి గురించి పదిహేను నిమిషాలు మాట్లాడమన్నారు.

మా పద్ధతి చెప్తే నవ్వుతారు. నెలాఖరుకి పంపాల్సిన కాగితాన్ని మేం ఇరవై ఐదో తారీఖునే పంపేస్తాం. నెలలో ఇంకా అయిదు రోజులు మిగిలుండగానే ఈ నెల ఏ రోగమూ రాలేదని తేల్చేస్తాం. మా ఆఫీసులో కంప్యూటర్ చూసే జంగయ్య పోయిన నెల కాగితం తెరిచి, నెల పేరు మార్చి, అచ్చు తీసి నా ముందు పెడతాడు. నేను సంతకం పెడతాను. అన్ని గడుల్లోనూ సున్నాలే. దీన్ని మా వాళ్లు 'నిల్ కొట్టడం' అంటారు.

మొదట్నుంచీ ఇలా లేను. చేరిన కొత్తలో ఒకసారి పశువుల కాళ్లకీ నోటికీ పుండ్లు పడే గాలికుంటు వచ్చిందని ఉన్నది ఉన్నట్టు రాశాను. వారం రోజులు ఒకటే ఫోన్లు. మీ దగ్గరే ఎందుకొచ్చింది, టీకాలు సరిగ్గా వేయలేదా, సంజాయిషీ రాసివ్వండి. గురువారం సంత మూయించారు. సర్పంచి వచ్చి నా బల్ల ముందు కూర్చుని సాయంత్రం దాకా లేవలేదు. నిజం రాసిన పాపానికి నేనే రోగం తెచ్చినట్టు చూశారు. ఆ నెల తర్వాత నేనూ అందరిలాగే నిల్ కొట్టడం నేర్చుకున్నాను.

ఈ వానాకాలంలో లింగయ్య మందలో పారుడు రోగం పడింది. లింగయ్య మా పక్క ఊళ్లో గొర్రెలు కాచే కురుమాయన. గొర్రె నడక చూసి రోగం ఏమిటో నాకంటే ముందు చెప్పగలడు. వెళ్లాను, సూదులు వేశాను, చాలానే పోయాయి, కొన్ని నిలబడ్డాయి. అప్పటికే ఆ నెల కాగితం వెళ్లిపోయింది. వచ్చే నెల రాద్దామనుకున్నాను. వచ్చే నెలకి రోగం సద్దుమణిగింది, తగ్గినదాన్ని రాసి తద్దినం కొనితెచ్చుకోవడం ఎందుకనిపించింది. లింగయ్య మాత్రం పని గట్టుకుని ఆసుపత్రికొచ్చి అడిగాడు.

"మా సంగతి పైకి రాసిన్రా డాక్టరమ్మా? రాస్తేనే గద టీకలొచ్చేది. మా బామ్మర్ది మంద, ఎల్లయ్యోళ్ల మంద ఇంక మంచిగున్నయ్."

"రాసిన లింగయ్యా" అన్నాను. కళ్లలోకి చూసే అన్నాను. ఆయన దండం పెట్టి వెళ్లాడు.

ఇక ప్రయాణం. బుధవారం పొద్దున ఆటోలో నల్గొండ బస్టాండు చేరేసరికి ఆరు. ఆరుంబావుకి ఎల్బీనగర్ మీదుగా వెళ్లే ఎక్స్‌ప్రెస్ దొరికింది. "ఆధార్ సూపియ్యండి మేడం" అన్నాడు కండక్టరు. ఆడవాళ్లకి ఛార్జీ లేదు కాబట్టి సున్నా అచ్చేసిన టికెట్టు చింపి చేతిలో పెట్టాడు. కిటికీ పక్క సీటులో సీతాఫలాల సంచి ఒళ్లో పెట్టుకుని ఒక పెద్దామె కూర్చుంది. నార్కట్‌పల్లి దాటేలోపే నా ఊరు, పేరు, మొగుడి ఉద్యోగం అన్నీ లాగేసింది.

"గొర్ల డాక్టరా? గయితే మీ దిక్కు రోగాలున్నయా? మా మరిది గొర్లు కొందమనుకుంటుండు."

"ఏం లేవమ్మా" అన్నాను. అడిగిన క్షణంలో నోట్లోంచి వచ్చేసింది. బస్సులో పక్కన కూర్చున్న మనిషికి కూడా నిల్ కొట్టాను. ఆమె సంతోషపడి రెండు సీతాఫలాలు నా సంచిలో వేసింది. వద్దంటే ఊరుకోలేదు.

ఎనిమిదీ నలభైకి ఎల్బీనగర్. అక్కడ మెట్రో ఎక్కితే మారే పని లేదు, నేరుగా పంజాగుట్ట. నాంపల్లి దాకా నిలబడే వచ్చాను, అక్కడ సీటు దొరికింది. ఖైరతాబాద్ దాటాక తలుపు దగ్గరికి వచ్చి నిలబడండి, లేకపోతే అమీర్‌పేటలో దిగే జనం మిమ్మల్ని అక్కడి దాకా తోసుకుపోతారు. పంజాగుట్ట స్టేషన్ మెట్లు దిగి, నగల దుకాణాల వరస దాటి, ఫ్లైఓవర్ నీడలో అయిదు నిమిషాలు నడిస్తే హోటలు. రోడ్డు దాటడానికే ఇంకో అయిదు నిమిషాలు వేసుకోండి.

హోటలు మూడో అంతస్తులో హాలు. నేపాల్, బంగ్లాదేశ్, శ్రీలంక, భూటాన్ నుంచి వచ్చినవాళ్ల ముందు చిన్న చిన్న జెండాలు. గోడ నిండా పటం. రోగం నివేదించిన చోట ఎరుపు, ఏమీ లేదన్న చోట ఆకుపచ్చ, ఏ కాగితమూ రాని చోట తెలుపు. ఎరుపు మచ్చల మధ్యలో మా మండలం ఆకుపచ్చగా మెరిసిపోతోంది. చుట్టూ మంటలు లేస్తుంటే మా ఒక్క గడ్డివాముకే నిప్పంటనట్టుంది. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరూ ఏమీ అనకముందే కొంగు సవరించుకున్నాను.

పదకొండున్నరకి నన్ను పిలిచారు. సభ నడిపిస్తున్న మా పెద్దసారు నా గురించి నాలుగు మంచి మాటలు చెప్పారు. ఆయనది కోస్తా వైపు, ముప్పై ఏళ్లుగా పంజాగుట్టలోనే కాపురం, మనిషి మెత్తన. నేను జంగయ్య తయారుచేసిన బొమ్మలు చూపిస్తూ సమయానికి నివేదిక పంపడం ఎంత ముఖ్యమో చెప్పాను. ఇరవై ఐదో తారీఖు మాట ఎత్తలేదు. "పల్లె పల్లెకీ తిరిగి, కాపరులతో మాట్లాడి" అన్నాను. చప్పట్లు కొట్టారు. శాలువా కప్పారు. మనవాళ్లకి శాలువా లేనిదే సభ నడవదు కదా. ఆ ఏసీలో కూడా దాని కింద నాకు చెమట పట్టింది.

టీ విరామంలో ఒకాయన వెతుక్కుంటూ వచ్చాడు. పొట్టి మనిషి, నెరిసిన మీసం, నేపాల్ దక్షిణాన సరిహద్దు జిల్లాలో పశువైద్యుడు. థాపా అని పరిచయం చేసుకున్నాడు. నాకు వచ్చిన హైదరాబాదీ హిందీ, ఆయన నేపాలీ హిందీ కలిపి ఎలాగో మాట్లాడుకున్నాం.

"మా జిల్లా రెండేళ్లుగా ఎరుపే మేడం. ఎంత చేసినా మళ్లీ వస్తుంది. చుట్టూ రోగం ఉండగా మీరెలా ఆపారు? అది నేర్చుకుందామనే వచ్చాను" అన్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీశాడు, పెన్ను మూత తీశాడు.

ఎగతాళి చేస్తున్నాడేమోనని మొహం చూశాను. కాదు. నిజంగానే అడుగుతున్నాడు. నేను నోటికొచ్చింది చెప్పడం మొదలుపెట్టాను. కాపరులతో నెలకో సమావేశమన్నాను. కొత్తగా కొన్న గొర్రెల్ని మూడు వారాలు వేరుగా కట్టేయిస్తామన్నాను. అవి పుస్తకాల్లో ఉన్న మాటలే, తప్పులేదు, కాకపోతే మా మండలంలో ఒక్కటీ జరగలేదు. ఆయన ప్రతి వాక్యం రాసుకున్నాడు. మధ్యలో ఆపి "మూడు వారాలా, నాలుగా?" అని సరిచూసుకున్నాడు కూడా. ఆ పుస్తకం లాక్కుని చింపేయాలనిపించింది.

భోజనాల్లో మటన్ బిర్యానీ. గొర్రెల డాక్టర్లందరం వరసకట్టి గొర్రెల్నే వడ్డించుకున్నాం. థాపా నా పక్కనే కూర్చుని తన సంగతి చెప్పాడు. వాళ్లకి దసరా పెద్ద పండుగ, అప్పుడు మన వైపు నుంచి మేకలు లారీల్లో సరిహద్దు దాటతాయట. అటు ఇండియా వైపు ఆసుపత్రిలో ఒక డాక్టరున్నాడట. ఇద్దరూ కలిసింది రెండు మూడు సార్లే. కానీ ప్రతి శనివారం ఫోన్ చేసుకుంటారు. అడిగేది ఒకే ప్రశ్న, ఈ వారం ఏం చచ్చాయని.

"ఒక ఏడు పండుగ ముందర ఆయన ఫోన్ చేశాడు. మా సంతలో మేకలు పారుతున్నాయి, పరీక్ష ఫలితం ఇంకా రాలేదు, నువ్వు చూసుకో అన్నాడు. నేను లారీలు ఆపించాను. పండుగ పూట మాంసం లేకుండా చేశానని ఊరంతా తిట్టారు. నా భార్య పది రోజులు బజారుకెళ్లలేదు. తర్వాత చూస్తే ఆ మేకల్లో రోగం ఉంది. ఆయన కాగితం కోసం ఆగి ఉంటే మా జిల్లా తుడిచిపెట్టుకుపోయేది."

"ఆయనకేమీ కాలేదా?" అని అడిగాను.

"సంజాయిషీ అడిగారు. ఇంకా రాస్తూనే ఉన్నాడు" అని నవ్వాడు.

మధ్యాహ్నం మూడింటికి పెద్దసారు అసలు సంగతి ప్రకటించారు. ఈ విడత టీకాలు ముందు ఎర్రటి చోట్లకి, వాటిని ఆనుకున్న తెల్ల చోట్లకి. వరసగా సున్నా చూపించిన ఆకుపచ్చ మండలాల్లో టీకాలు ఆపేస్తారు. అక్కడ రోగం లేదని లోకానికి నిరూపించాలంటే టీకా లేకుండా గమనించాలి కదా. జాబితా రేపు మధ్యాహ్నానికి ఖాయం. ఆ మూడు ఆకుపచ్చ మండలాల పేర్లు చదివారు, నాది మొదటిది. మళ్లీ చప్పట్లు.

లింగయ్య బామ్మర్ది మందకీ, ఎల్లయ్యోళ్ల మందకీ ఈ ఏడు టీకా లేదన్నమాట. కోతలయ్యాక మా మందలన్నీ కృష్ణా నది వైపు మేపుకి వలస పోతాయి. పోయే దారిలో ఎన్ని మందల్ని కలుస్తాయో లెక్కలేదు. నా సంతకం ఇంత దూరం పోతుందని పదకొండేళ్లలో ఒక్కసారి కూడా ఆలోచించలేదు. నిల్ కాగితం బీరువాలో పడుంటుందనే అనుకున్నాను. దాన్ని ఎవరో చదువుతారని, నమ్ముతారని తెలియదు. తెలియదనడం కూడా అబద్ధమేనేమో, తెలుసుకోవాలనుకోలేదు.

సాయంత్రం అయిదున్నరకి బయటపడ్డాను. అమీర్‌పేటకి మెట్రోలో ఒకే స్టేషను. నేను నడిచాను, ఆ శాలువా సంచిలో కుక్కుకుని. అమీర్‌పేటలో నడవడమంటే మామూలు విషయం కాదు. మైత్రీవనం దగ్గర అడుగుకో మనిషి కంప్యూటర్ కోర్సుల కాగితాలు చేతిలో పెడతాడు. నన్ను చూసి కూడా ఒకతను "మేడం, డెమో క్లాస్ ఫ్రీ, జర చూడండి" అన్నాడు. యాభై దగ్గర పడుతున్నదాన్ని. తీసుకున్నాను. వెనక సందులో లేడీస్ హాస్టల్‌లో మా చుట్టాలమ్మాయి ద్వారా ఒక రాత్రికి గెస్ట్ మంచం మాట్లాడుకున్నాను. సభ పెట్టినవాళ్లు గదులిచ్చింది విదేశాల వాళ్లకే. ఆడవాళ్లు ఒంటరిగా వెళ్తే లాడ్జీల కంటే ఈ హాస్టళ్లు నయం. శుభ్రం, భద్రం, పప్పు మాత్రం పలచన.

గదిలో ఇంకో మంచం మీద శ్రావణి. జగిత్యాల వైపు అమ్మాయి, బీటెక్ అయిపోయి డేటా కోర్సు నేర్చుకుంటోంది. ఏడింటప్పుడు ల్యాప్‌టాప్ ముందేసుకుని తల పట్టుకుని కూర్చుంది. సీతాఫలం ఒకటి ఇచ్చి ఏమైందని అడిగాను.

"హోంవర్క్ ఆంటీ. గీ గడులు కొన్ని ఖాళీగున్నయ్. నేను సున్నా పెట్టేసిన. మా సార్ క్లాస్‌ల అందరి ముంగట లేపి తిట్టిండు. ఖాళీ అంటే తెలవదని, సున్నా అంటే లేదని. తెలవనిదాన్ని లేదని రాసుడు కంటే పెద్ద తప్పు లేదంట." సీతాఫలం గింజ ఊసి అడిగింది. "మరి తెలిసి సుత సున్నా పెట్టేటోళ్లుంటరా ఆంటీ?"

"ఉంటరు బిడ్డా" అన్నాను. ఎవరని అడగలేదు, అదే మేలు.

గురువారం పొద్దున ఏడున్నరకి హాస్టల్‌లో ఉప్మా. అది నచ్చక, సందు చివర బండి మీద రెండు ఇడ్లీ తిన్నాను. అల్లం చట్నీ బాగుంది. తొమ్మిదికల్లా మెట్రోలో పంజాగుట్ట చేరాను. హాలింకా ఖాళీ. పటం చూసే కంప్యూటర్ దగ్గర ఒక యువకుడు ఒక్కడే ఉన్నాడు. నాకొక ఉపాయం తోచింది. ఆ ఉపాయం తోచినప్పుడు నన్ను నేను మెచ్చుకున్నాను.

"బాబూ, మా మండలం ఆకుపచ్చ తీసేసి తెల్లగా పెట్టడానికి వీలవుతుందా? కొన్ని కాగితాలు సరిగ్గా లేవు" అన్నాను. ఎరుపు పెట్టమనే ధైర్యం రాలేదు. తెలుపైతే నేను రాసింది అబద్ధమని తేలదు, కాగితం పోయిందనుకుంటారు. తేలు కుట్టిన దొంగలా నొప్పి బయటపడకుండా తప్పించుకుందామనుకున్నాను.

"సార్‌ని అడగాలె మేడం" అన్నాడు. వెనకే సారు నిలబడి ఉన్నారు.

"ఏంటమ్మా వసుధా, ఏంటి సంగతి?" అని పక్కకి తీసుకెళ్లారు. చెప్పాను. లింగయ్య మంద, వానాకాలం, అంతా. ఆయన కోప్పడలేదు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు.

"పరాయి దేశాల వాళ్ల ముందు ఇప్పుడు గొడవెందుకమ్మా? వచ్చే నెలలో రెండు కేసులొచ్చాయని రాసేయ్. నేను చూసుకుంటా. నీ పదోన్నతి ఫైలు కూడా నా బల్ల మీదే ఉంది, తెలుసుగా."

బెదిరింపు కాదది, అభిమానంగానే అన్నారు. అదే ఇంకా కష్టంగా ఉంది. వచ్చే నెల రాస్తే ఎవరికీ ఏమీ కాదు. టీకాల జాబితా మాత్రం ఈ మధ్యాహ్నమే అయిపోతుంది. "అలాగే సార్" అని నా కుర్చీలోకి వచ్చి కూర్చున్నాను. కుడితిలో పడ్డ ఎలుకలా రెండు గంటలు కొట్టుకున్నాను.

పదకొండుంబావుకి జాబితా తెర మీదికొచ్చింది. ఒక్కో దేశం వాళ్లు లేచి తమ మచ్చలు సరే అని చెప్తున్నారు. థాపా లేచి, తన జిల్లాలో ఇంకో రెండు ఊళ్లు ఎరుపు చేయమన్నాడు. పోయిన శనివారం ఫోన్లో తెలిసిందట, ఇంకా పరీక్ష కాలేదట, అయినా ఎరుపే పెట్టమన్నాడు. ఆ మాట చెప్తున్నప్పుడు ఆయనకి ఏ సిగ్గూ లేదు. నా మండలం దగ్గరికి రాగానే సారు నా వైపు చూడకుండానే "సరే" అనబోయారు.

లేచాను. ఇంగ్లీషులో చెప్దామనుకున్నాను, మాటలు రాలేదు. తెలుగులో అన్నాను. "మా మండలంలో పారుడు రోగం వచ్చింది సార్. వానాకాలంలోనే. కళ్లారా చూశాను, రాయలేదు. నెల తిరగకముందే సున్నాలు పంపే అలవాటు మాకు. నిన్న నేను చెప్పిన పద్ధతులేవీ మా దగ్గర జరగవు. మా మండలం ఎర్రగా పెట్టండి, టీకాలు కావాలి."

హాల్లో తెలుగు తెలిసినవాళ్లు సగమే. ఆ సగం మంది తల వంచుకున్నారు. మిగతా సగం ఏమైందని వీళ్లని అడుగుతున్నారు. ఎవరో అనువదిస్తుంటే నా తప్పు ఒక్కో బల్ల దాకా నెమ్మదిగా వెళ్లడం నిలబడి చూశాను. కంప్యూటర్ దగ్గర యువకుడు సారు వైపు చూశాడు. సారు ఒకసారి నా వైపు, ఒకసారి పటం వైపు చూశారు. తర్వాత పెట్టెయ్యమన్నట్టు చెయ్యి ఊపారు. మా మండలం ఎరుపెక్కింది.

భోజనాల దగ్గర మిగతా రెండు ఆకుపచ్చ మండలాల డాక్టర్లు నన్ను మూలకి పట్టారు. "మీరు మునిగిన్రు సరే మేడం, మమ్మల్నెందుకు బజార్ల వడేసిన్రు? ఇప్పుడు మా దగ్గరికి సుత టీం పంపుతరంట" అన్నాడొకాయన. ఆయన కళ్లలో కోపం కన్నా భయం ఎక్కువ. వాళ్లదీ ఇరవై ఐదో తారీఖే అని ఆ భయం చూసి అర్థమైంది. క్షమించమన్నాను.

థాపా కిటికీ దగ్గర నిలబడి ఫోన్లో ఏదో టైపు చేస్తున్నాడు. నేనే వెళ్లాను.

"నిన్న మీరు చెప్పినవన్నీ సాయంత్రమే మా జిల్లా వాళ్లకి పంపించాను" అన్నాడు. "ఆ మండలంలో ఇలా చేసి రోగం ఆపారని రాశాను. ఇప్పుడు అది నమ్మొద్దని పంపుతున్నాను." గొంతులో కోపం లేదు. ఏ పదం పెడితే నా పరువు కాస్తయినా దక్కుతుందా అని వెతుక్కుంటున్నట్టు మధ్యమధ్యలో ఆగుతున్నాడు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది. వెళ్లేముందు నా నంబరు అడిగి రాసుకున్నాడు, నిన్నటి పేజీలో కాదు, కొత్త పేజీలో.

ఒంటిగంటన్నరకి బయల్దేరాను. సారు కనిపించలేదు, చెప్పకుండానే వచ్చేశాను. సంజాయిషీ నోటీసు వారంలోపు వస్తుంది, ఫైలు సంగతి ఇక చెప్పక్కర్లేదు. ఎల్బీనగర్‌లో మూడింటికి నల్గొండ ఎక్స్‌ప్రెస్. కిటికీ సీటు దొరికింది. చౌటుప్పల్ దగ్గర లింగయ్యకి ఫోన్ చేశాను. చెప్పాల్సింది బస్సెక్కినప్పట్నుంచీ మనసులో వరస పెట్టుకుంటూనే ఉన్నాను.

"లింగయ్యా, మీ వైపు మందలన్నిటికీ టీకాలొస్తయ్. జాబితాల పెట్టిచ్చిన" అన్నాను.

అవతల గొర్రెల అరుపులు. లింగయ్య గట్టిగా నవ్వాడు. "నేను జెప్పలే? దసరా ముంగట పక్క మండలంల టీకలేస్తున్నరంటే మా బామ్మర్ది మంద తోలుకపోతనన్నడు, ఎల్లయ్య సుత పోతనన్నడు. నేనే ఆపిన డాక్టరమ్మా. మన డాక్టరమ్మ రాసింది, మనకాడికే వస్తయ్, అంత దూరం ఎందుకు తోలుతరు అన్న. నామాట మీద ఆగిన్రు. ఆలిశమైతుంటే నన్ను తిట్టవట్టిరి."

ఈ సంగతి నాకు తెలియదు. చౌటుప్పల్ స్టాపులో జనం దిగుతున్నారు, ఎక్కుతున్నారు. ఇప్పుడు కూడా ఊరుకోవచ్చు. టీకాలు వస్తున్నాయి, ఆయన సంతోషంగా ఉన్నాడు, ఎవరికీ తెలియదు.

"నేను అప్పుడు రాయలేదు లింగయ్యా" అన్నాను. "రాసిననని నీకు అబద్ధం చెప్పిన. ఇయాలనే చెప్పిన పైవాళ్లకి."

అవతల ఎవర్నో అదిలించిన చప్పుడు, గొర్రెల చప్పుడు.

"బామ్మర్ది మందల నిన్నటి సంది మూడింటికి ముక్కులు కారుతున్నయ్" అన్నాడు లింగయ్య. "సలికి అనుకుంటున్న."

"నేను నేరుగా అక్కడికే వస్త. బస్టాండు నుంచే ఆటోల వస్త."

"రాండ్రి." పదకొండేళ్లలో నా మాటకి ఎదురడగని మనిషి, ఏమీ కోపం లేని గొంతుతో అడిగాడు. "మీరు ఇయాల రాసిన కాయితం వెంట తెస్తరా డాక్టరమ్మా? నాకు సదువు రాదు. మా బిడ్డతోని సదివిచ్చుకుంట."

తెస్తానన్నాను. నల్గొండ బస్టాండులో ఆరింటికి దిగి, ఎదురుగా ఉన్న జిరాక్స్ దుకాణంలో సంచి కింద పెట్టి, తెల్ల కాగితం ఒకటి అడిగి తీసుకున్నాను. నిలబడే రాశాను. లింగయ్య పేరు, ఊరు, పోయిన గొర్రెలు, నేను చూసిన తారీఖు, రాయని నెలలు రెండు. దుకాణమాయన ఎన్ని కాపీలని అడిగాడు. రెండన్నాను. ఒకటి పై ఆఫీసుకి, ఒకటి నాకు, చేత్తో రాసిన అసలుది లింగయ్య బిడ్డకి. ఆ అమ్మాయికి అర్థమయ్యేలా అక్షరాలు పెద్దవిగా రాశాను.